10కె వచ్చింది, ‘న్యూ’ పోయింది

ప్రశ్న: అక్కా, నాది గాజువాక. డిగ్రీ అయ్యాక మధురవాడలో ఒక చిన్న ఆఫీసులో చేరి ఆరు నెలలైంది. జాంగోలో (పైథాన్ భాషలో సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) సిటీ బస్సుల సైటు ఒకటి నా చేతికిచ్చారు. నంబరు కొడితే ఆ బస్సు ఏ స్టాపుల మీదుగా వెళ్తుందో చూపాలి. మొదట్లో 400, 999 లాంటి పేజీలు వచ్చేవి, 10కె, 900కె కొడితే మాత్రం 404, అంటే ‘పేజీ దొరకలేదు’ అని వచ్చేది. రూటులో (ఏ అడ్రసు ఏ పేజీకి చేరాలో చెప్పే లైన్లో) ఇంట్ అని ఉన్నచోట ఎస్‌టీఆర్ అని మార్చాను. 10కె వచ్చింది. కానీ అప్పటిదాకా బాగానే ఉన్న ‘కొత్త బస్సు చేర్చు’ పేజీ ఇప్పుడు 404 ఇస్తోంది. దాన్ని ముట్టుకోనే లేదు! స్టాపుల పేజీలకు తెలుగు పేర్లతో అడ్రసులు పెడదామంటే ఒక్కటీ తెరుచుకోవడం లేదు. ఇది చాలదన్నట్టు, ల్యాప్‌టాప్‌లో వచ్చే ‘దగ్గరి స్టాపు’ పేజీ సర్వర్‌లో రావడం లేదు. రూట్లకు టెస్టులు రాయమని మా సీనియర్ అంటున్నారు. పేజీ తెరిచి చూస్తే తెలిసిపోయేదానికి టెస్టు ఎందుకు? త్వరలో డెమో ఉంది, టెన్షన్‌గా ఉంది. ఫైలు, స్క్రీన్ ఫొటో పంపుతున్నాను. — గాజువాక తమ్ముడు

సమాధానం: తమ్ముడూ, ‘దాన్ని ముట్టుకోనే లేదు’ అన్నావు చూడు, నీ జవాబు ఆ మాటలోనే ఉంది. అక్కడి నుంచే మొదలుపెడతాను. ఈ శీర్షికలో కోడ్ కూడా తెలుగు అక్షరాల్లోనే వేస్తాం. నీ ఫైల్లో ఇంగ్లిష్‌లో ఉన్న బస్, న్యూ, స్టాప్ అన్నవే ఇక్కడ ఇలా కనిపిస్తాయి. స్టాపుల పేర్లు మాత్రం నీ అడ్రసుల్లో నిజంగానే తెలుగులో ఉన్నాయి, వాటి సంగతి తర్వాత.

నువ్వు పంపిన యూఆర్ఎల్స్ ఫైల్లో, అంటే రూట్ల జాబితా ఉండే ఫైల్లో, రెండు లైన్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. పైది బస్/<ఇంట్:నంబర్>/, కిందది బస్/న్యూ/. జాంగో ఈ జాబితాను పైనుంచి కిందికి చదువుతుంది. అడ్రసుకు సరిపోయే లైను తగలగానే అక్కడే ఆగిపోతుంది. కింద ఇంకా బాగా సరిపోయేది ఉందేమోనని చూడదు. మద్దిలపాలెం స్టాపులో బోర్డు మీద ‘కాంప్లెక్స్’ అన్న మాట కనపడగానే మిగతాది చదవకుండా ఎక్కేసేవాళ్లుంటారే, అలాగన్నమాట.

ఇంట్ ఉన్నన్నాళ్లూ పై లైనుకు అంకెలు తప్ప ఏమీ పట్టేవి కావు. 400 పట్టింది. 10కె పట్టలేదు, కింద లైనుకూ పట్టలేదు, అందుకే 404. ‘న్యూ’లో అంకెలు లేవు కాబట్టి పై లైను దాటుకుని కింద లైనుకు చేరేది, ఫారం తెరుచుకునేది. నువ్వు ఎస్‌టీఆర్ పెట్టావు. దానికి స్లాష్ తప్ప ఏదైనా పడుతుంది. ఇప్పుడు ‘న్యూ’ కూడా దాని కంటికి ఒక బస్సు నంబరే. వ్యూ, అంటే పేజీని తయారుచేసే కోడ్, ఆ నంబరు పట్టుకుని డేటాబేస్‌లో వెతికింది. ‘న్యూ’ అనే బస్సు విశాఖలో లేదు. 404 ఇచ్చింది. అంటే ఆ రెండు లైన్ల వరస మొదటి రోజు నుంచీ తప్పే. ఇంట్ అడ్డం ఉండబట్టి బయటపడలేదు, అంతే.

ఇదంతా నీ స్క్రీన్ మీదే రాసి ఉంది, నువ్వు ఫొటోలో కత్తిరించేశావు. ‘పేజ్ నాట్ ఫౌండ్’ అన్న పెద్దక్షరాల వరకే ఉంచి కింద భాగం తీసేశావు. పనికొచ్చేదంతా ఆ కిందే ఉంటుంది. డీబగ్ (తప్పుల వివరాలు తెర మీద చూపే సెట్టింగు) ఆన్‌లో ఉన్నప్పుడు జాంగో తాను ఏయే లైన్లు ఏ వరసలో ప్రయత్నించిందో జాబితా వేస్తుంది. జాబితా అయ్యాక ఒక వాక్యం ఉంటుంది. నువ్వడిగిన అడ్రసు వీటిలో దేనికీ సరిపోలేదు అని ఉంటే రూటులో తప్పు. చివరిదానికి సరిపోయింది అని ఉంటే రూటు తన పని తాను చేసేసింది, 404 ఇచ్చింది నీ వ్యూ. అప్పుడు పైన ‘రెయిజ్డ్ బై’ అన్న వరసలో ఆ వ్యూ పేరు కూడా ఉంటుంది. నువ్వు మొదట చూసిన 10కె 404 మొదటి రకం. ఇప్పటి ‘న్యూ’ 404 రెండో రకం. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండో రకాన్ని పట్టుకుని యూఆర్ఎల్స్ ఫైల్లో గంటలు గంటలు తవ్వేవాళ్లను చాలామందిని చూశాను. మొదట్లో నేనూ అదే బాపతు.

సరిచేయడం నిమిషం పని. బస్/న్యూ/ లైనును పైకి జరుపు. కానీ అక్కడితో వదలొద్దు. రేపు ఇంకెవరో బస్/లిస్ట్/ అని ఒకటి చేరుస్తారు, అలవాటుగా అట్టడుగున చేరుస్తారు, మళ్లీ ఇదే కథ. బస్సు నంబరు ఎలా ఉంటుందో నీకు తెలుసు కదా, అదే జాంగోకు చెప్పు. ఇంట్, ఎస్‌టీఆర్ లాంటివాటిని కన్వర్టర్లు అంటారు. సొంత కన్వర్టర్ రాయడానికి ఒక చిన్న క్లాసు చాలు: రీజెక్స్ అనే నమూనా ఒకటి, అడ్రసులోని ముక్కను వ్యూకు అందించే టు_పైథాన్, దాన్ని తిరిగి అడ్రసుగా మార్చే టు_యూఆర్ఎల్ అనే రెండు ఫంక్షన్లు. నమూనాలో ‘అంకె కనీసం ఒకటి, దాని వెనక ఇంగ్లిష్ అక్షరాలు ఉంటే ఉండొచ్చు’ అని రాయి. రిజిస్టర్_కన్వర్టర్‌తో దానికి ‘బస్‌నంబర్’ అని పేరు పెట్టి రూటులో ఎస్‌టీఆర్ తీసి అది పెట్టు. 400 పడుతుంది, 10కె పడుతుంది, ‘న్యూ’ పట్టదు.

టు_పైథాన్‌లో అక్షరాలన్నిటినీ పెద్దక్షరాలు చేసెయ్. జనం ఫోన్‌లో 10 పక్కన చిన్న కె కొడతారు, నీ టేబుల్లో పెద్ద కె ఉంటుంది, చాలా డేటాబేస్‌లకు ఆ రెండూ వేరు. (మన లిపికి ఈ బాధ లేదు కాబట్టి తేడా ఇక్కడ రాసి చూపించలేకపోతున్నాను.)

సొంత కన్వర్టర్‌తో ఒక ప్రమాదం ఉంది, అదీ చెప్తాను. జాబితా పేజీలో ప్రతి బస్సుకూ లింకు వేస్తావు కదా. టేబుల్లో ఎవరో ఒక నంబరును మధ్యలో ఖాళీ పెట్టి ‘28 ఎ’ అని ఎక్కించారనుకో. ఆ నంబరు నీ నమూనాకు సరిపోదు, లింకు తయారవదు, ‘నో రివర్స్ మ్యాచ్’ అని ఎర్రర్ వస్తుంది. పోయేది ఆ ఒక్క లింకే అనుకుంటావేమో, జాబితా పేజీ మొత్తం పడిపోతుంది. ఎస్‌టీఆర్ ఉన్నప్పుడు ఆ చెత్త నంబరుకు కూడా లింకు వచ్చేసేది కాబట్టి ఎవరికీ తెలిసేది కాదు. అందుకని అదే నమూనాను మోడల్లో (టేబుల్ ఎలా ఉండాలో చెప్పే క్లాసు) వాలిడేటర్‌గా, అంటే విలువ సరైనదో కాదో చూసే కాపలాగా, కూడా పెట్టు, ఇప్పటికే ఉన్న నంబర్లను ఒకసారి దానితో జల్లెడ పట్టు.

ఇక తెలుగు స్టాపులు. నీ ప్రశ్నల్లో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది ఇదే. నువ్వు స్టాప్/<స్లగ్:పేరు>/ అని పెట్టావు. స్లగ్ అంటే అడ్రసులో పేరుకు బదులు వాడే మాట. జాంగో స్లగ్ కన్వర్టర్‌కు తెలిసినవి ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, హైఫన్, అండర్‌స్కోర్, అంతే. తెలుగు అక్షరం ఒక్కటున్నా పట్టదు. దాని బదులు ఎస్‌టీఆర్ పెడితే /స్టాప్/మద్దిలపాలెం/ తెరుచుకుంటుంది. అయితే నువ్వు పేరునుంచి అడ్రసు తయారుచేయడానికి స్లగిఫై ఫంక్షన్ వాడావు. మామూలుగా అది తెలుగును మొత్తం తుడిచేస్తుంది, ఖాళీ మాట చేతికొస్తుంది. దానికి అలో_యూనికోడ్ అనే స్విచ్ ఉంది, అది వేస్తే సరిపోతుందని చాలామంది చెప్తారు. వేసి చూడు. ‘మద్దిలపాలెం’ ఇస్తే ‘మదదలపల’ వస్తుంది.

తమాషాగా ఉందా? కారణం ఇదీ. మాటలో ఉండదగిన అక్షరాలేవో, తీసేయాల్సినవేవో పైథాన్ రీజెక్స్‌ను అడిగి స్లగిఫై తేల్చుకుంటుంది. ఆ రీజెక్స్ లెక్కలో హల్లు అక్షరమే, గుణింతం గుర్తు మాత్రం అక్షరం కాదు. యూనికోడ్‌లో మన గుడి, దీర్ఘం, పొల్లు, సున్నా అన్నీ ‘చేరిక గుర్తులు’ అనే వేరే కోవలో ఉన్నాయి. అందుకని వాటన్నిటినీ ఊడ్చేసి హల్లుల్ని మిగులుస్తుంది. హిందీకీ ఇదే గతి. ఎర్రర్ ఏమీ రాదు, అడ్రసు తయారవుతుంది, తెరుచుకుంటుంది కూడా. చదివేవాళ్లకే అది ఏ ఊరో అర్థం కాదు.

ఇందులో నా సలహా కొందరికి నచ్చకపోవచ్చు. పేజీ అంతా నిండుగా తెలుగులో పెట్టు, అడ్రసు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంచు. తెలుగు అడ్రసు ఎవరైనా వాట్సాప్‌లో పంపినప్పుడు చాలాసార్లు అది శాతం గుర్తుల దండగా మారిపోతుంది. మనకు గుర్తుగా కనిపించే ఒక్కొక్కటీ యూటీఎఫ్-8లో 3 బైట్లు, ఒక్కో బైటుకు శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలు. ‘మద్దిలపాలెం’లో పొల్లు, గుణింతాలు, సున్నా కలిపి 11 గుర్తులున్నాయి. ఆ ఒక్క స్టాపు పేరే 99 అక్షరాలవుతుంది. పైగా ఇంగ్లిష్ స్పెల్లింగు ప్రతిసారీ పేరునుంచి తయారుచేయకు. గాజువాకనే డబ్ల్యూతో రాసేవాళ్లున్నారు, వీతో రాసేవాళ్లున్నారు. స్టాపుకు స్లగ్ అనే కాలమ్ పెట్టి, చేత్తో ఒకసారి ఎక్కించి, దాన్ని ఇక కదపొద్దు.

సర్వర్ సంగతికొస్తే, నీకు ముందే ఒక హెచ్చరిక. 404 ఎందుకొస్తుందో చూద్దామని సర్వర్‌లో డీబగ్ ఆన్ చేయకు. ఎర్రర్ పేజీలో నీ సెట్టింగులు, కోడ్ ముక్కలు ఊరందరికీ కనపడతాయి. ‘రెండు నిమిషాలే కదా’ అని ఆన్ చేసి మర్చిపోయిన సైట్లు ఎన్నో.

దాని బదులు సర్వర్‌లోకి లాగిన్ అయ్యి మేనేజ్.పై షెల్ తెరువు. జాంగో.యూఆర్ఎల్స్ నుంచి రిజాల్వ్ (అడ్రసు ఏ రూటుకు చేరుతుందో చెప్పేది) తెచ్చుకుని, ఆ పేజీ అడ్రసు ఇచ్చి చూడు. రూటు దొరకలేదంటే నీ కొత్త కోడ్ సర్వర్‌కు చేరలేదు, లేదా వేరే ఫోల్డర్‌లో దిగింది. రూటు దొరికింది గానీ బ్రౌజర్‌లో మాత్రం 404 అంటే, ఎక్కువసార్లు కారణం ఒకటే: కోడ్ మార్చి గునికార్న్‌ను (సర్వర్‌లో జాంగోను నడిపే ప్రోగ్రామ్) రీస్టార్ట్ చేయలేదు. ల్యాప్‌టాప్‌లో రన్‌సర్వర్ ఫైలు మారగానే తనంతట తాను మళ్లీ మొదలవుతుంది. ఆ సుఖానికి అలవాటు పడతాం. గునికార్న్ అలా కాదు, లేచినప్పుడు చదివిన రూట్లతోనే రోజుల తరబడి కూర్చుంటుంది. నీది ఇదేనని నా అనుమానం, ఎందుకంటే పాత పేజీలన్నీ వస్తున్నాయి, కొత్తగా చేర్చిందొక్కటే రావడం లేదు.

రీస్టార్ట్ చేసినా రాకపోతే ఆ 404 పేజీ ముఖం చూడు. తెల్లటి పేజీ మీద అడుగున ఎంజినెక్స్ (జాంగోకు ముందు నిలబడి రిక్వెస్టులు అందుకునే ప్రోగ్రామ్) అని ఉంటే రిక్వెస్టు జాంగో దాకా రానే లేదు, గుమ్మంలోనే తిరిగిపోయింది. అప్పుడు ఎంజినెక్స్ ఫైల్లో లొకేషన్ లైన్లు చూసుకోవాలి. రిక్వెస్టును జాంగోకు పంపే ప్రాక్సీ_పాస్ లైను చివర స్లాష్ పెట్టడానికీ పెట్టకపోవడానికీ చాలా తేడా ఉంది: పెడితే లొకేషన్‌లో రాసిన ముక్కను అడ్రసునుంచి కోసేసి మిగతాది పంపుతుంది.

ఇంకొకటి కూడా తగలొచ్చు. స్లాష్ లేకుండా /బస్/10కె అని కొడితే జాంగో 301 ఇచ్చి స్లాష్ ఉన్న అడ్రసుకు పంపుతుంది. 301 అంటే ‘శాశ్వతంగా మారింది’. బ్రౌజర్ ఆ మాట నమ్మి గుర్తుపెట్టేసుకుంటుంది. కొన్నేళ్ల క్రితం రుషికొండ దగ్గర ఒక ఆఫీసులో పనిచేసేటప్పుడు ఒక రూటును పొరపాటున వేరే పేజీకి 301 పెట్టాను. పది నిమిషాల్లో తప్పు తెలిసి తీసేశాను. నా బ్రౌజర్ మాత్రం అక్కడికే పోతోంది. కోడ్ తిరగేశాను, సర్వర్ రీస్టార్ట్ చేశాను, చివరికి బ్రాంచ్ మొత్తం వెనక్కి తిప్పాను. రాత్రి తొమ్మిదైంది. క్యాబిన్ మూయడానికి వచ్చిన సెక్యూరిటీ ఆయన తన ఫోన్‌లో ఆ పేజీ తెరిచి, ‘బాగానే వస్తంది కదమ్మా’ అన్నాడు. ఆ రోజు నుంచి రూటు తేడా చేస్తే ముందు కర్ల్ అనే కమాండ్‌తో అడుగుతాను. దానికి పాత జ్ఞాపకాలుండవు.

స్లాష్ విషయంలోనే, ఫారం పంపే అడ్రసుకు చివర స్లాష్ తప్పకుండా పెట్టు. పోస్ట్‌ను, అంటే ఫారం పంపే రిక్వెస్టును, అలా దారి మళ్లిస్తే డేటా దారిలోనే పోతుంది. ల్యాప్‌టాప్‌లో జాంగో ఎర్రర్ ఇచ్చి మరీ చెప్తుంది, సర్వర్‌లో నోరు మెదపదు.

నీ ఫైల్లో కామెంట్లుగా వదిలేసిన పాత లైన్లు కూడా చూశాను. యూఆర్ఎల్ అనే ఫంక్షన్‌తో రాసిన పాఠం ఏదో నెట్‌లో దొరికినట్టుంది. పాత్ అనే కొత్త పద్ధతి 2017 డిసెంబరులో జాంగో 2.0తో వచ్చింది, ఆ పాత ఫంక్షన్‌ను 2021లో 4.0 నుంచి తీసేశారు. అలాంటి పాఠాలు పక్కన పెట్టు. పాత్ లోపల టోపీ గుర్తు, డాలరు గుర్తు మిగిలిపోయినా, రూటు మొదట్లో స్లాష్ పెట్టినా మేనేజ్.పై చెక్ హెచ్చరిస్తుంది. నీది నడిపితే రెండు హెచ్చరికలొచ్చాయి, చూసుకో.

ఇప్పుడు టెస్టుల మాట. పేజీ తెరిచి చూస్తే తెలిసిపోతుందన్నావు. ఇంట్‌ను ఎస్‌టీఆర్ చేసిన రోజు నువ్వు ఏ పేజీ తెరిచి చూశావు? 10కె. అది వచ్చింది, సంతోషించావు. ‘న్యూ’ తెరవాలని నీకెందుకు తోస్తుంది, దాన్ని ముట్టుకోలేదు కదా. నీకు తోచనిది తెరిచి చూడటానికే టెస్టు.

అయితే రూటు టెస్టులు అందరూ రాసే తీరులో ఒక లొసుగు ఉంది. రివర్స్ ఒక్కటే పరీక్షిస్తారు. రివర్స్ అంటే రూటు పేరు ఇస్తే అడ్రసు చెప్పేది. రిజాల్వ్ దానికి ఎదురు: అడ్రసు ఇస్తే అది ఏ రూటుకు చేరుతుందో చెప్తుంది. నీ ఇప్పటి చెడిన కోడ్‌లోనే రివర్స్‌కు ‘బస్_న్యూ’ ఇచ్చి చూడు, /బస్/న్యూ/ అని టకీమని చెప్తుంది. టెస్టు పాస్. పేజీ మాత్రం 404. అడ్రసు సరైనదే, ఆ అడ్రసుకు వెళ్లినవాణ్ని దారిలో ఇంకొకడు ఎత్తుకుపోతున్నాడు. అందుకని రానూపోనూ టికెట్ తీసుకోవాలి:

అడ్రస్ = రివర్స్('బస్_న్యూ')
సెల్ఫ్.అసర్ట్‌ఈక్వల్(రిజాల్వ్(అడ్రస్).వ్యూ_నేమ్, 'బస్_న్యూ')

ఈ రెండు లైన్లు నీ ఇప్పటి కోడ్ మీద నడిపితే ‘బస్_న్యూ’ రావాల్సిన చోట ‘బస్_డీటెయిల్’ వచ్చిందని ఫెయిల్ అవుతుంది. ఏమీ సరిచేయకముందే ఒకసారి నడిపి, ఆ ఫెయిల్‌ను కళ్లారా చూడు. తర్వాత లైను పైకి జరిపి మళ్లీ నడుపు. ఎప్పుడూ ఫెయిల్ కాని టెస్టును నేను నమ్మను.

దీనికి డేటాబేస్ అక్కర్లేదు, జాంగోలోని సింపుల్‌టెస్ట్‌కేస్ అనే క్లాసు చాలు. వంద రూట్లున్నా చిటికెలో అయిపోతుంది. ఒక్కో రూటుకు ఒక్కో ఫంక్షన్ రాస్తూ కూర్చోకు. రూటు పేరు, దానికివ్వాల్సిన విలువలు ఒక జాబితాగా పెట్టి, సబ్‌టెస్ట్‌తో లూప్ తిప్పు. కొత్త రూటు వచ్చినప్పుడల్లా జాబితాలో ఒక వరస పెరుగుతుంది. యాప్‌కు యాప్_నేమ్ పెట్టి ఉంటే పేర్లు ‘బస్:న్యూ’ లాగా కోలన్‌తో రాయాలి, లేకపోతే నో రివర్స్ మ్యాచ్ వస్తుంది.

దాని మీద, మామూలు టెస్ట్‌కేస్‌లో బ్రౌజర్‌లా పేజీలు అడిగే టెస్ట్ క్లయింట్‌తో నాలుగైదు పేజీలు నిజంగా తెరువు. రూటు సరిగ్గానే చేరినా వ్యూ లోపల 404 ఇచ్చే రెండో రకం దీనికే దొరుకుతుంది. నీ సెట్టింగుల్లో ఏమున్నా టెస్టులు నడిచేటప్పుడు జాంగో డీబగ్‌ను ఆఫ్‌లోనే ఉంచుతుంది, కాబట్టి సర్వర్ ప్రవర్తన కొంత ఇక్కడే చూడొచ్చు. స్లాష్ లేని అడ్రసు ఇస్తే 200 బదులు 301 వస్తుంది, కంగారుపడకు, అది తప్పు కాదు. దారి మళ్లింపు వెంట వెళ్లమని ఫాలో పెట్టి చూడు, లేదా 301నే ఆశించి రాయి.

పట్టకూడనివి కూడా రాయాలి. /బస్/కె10/ ఇస్తే 404 రావాలి. ఖాళీ ఉన్న నంబరు ఇస్తే 404 రావాలి. కన్వర్టర్‌ను రేపు ఎవరైనా వదులు చేస్తే ముందు అరిచేవి ఇవే.

సాయంత్రానికి ఈ వరసలో కూర్చో: ముందు సర్వర్ రీస్టార్ట్, ఆ తర్వాత రానూపోనూ టెస్టు, అది ఫెయిల్ అవడం చూశాక కన్వర్టర్. తెలుగు స్టాపుల స్లగ్‌లు డెమో అయ్యాక నెమ్మదిగా పెట్టుకోవచ్చు, అప్పటిదాకా ఐడీ నంబరుతో తెరిపించు. టెస్టు జాబితాలో చిన్న కె ఉన్న 10కె కూడా ఒక వరస ఉండాలి. డెమోలో మీ బాస్ ఫోన్ తీసి కొట్టేది అదే.